తాళం పెట్టె... తనదనే మూల

దసరా దగ్గర పడుతోందంటే మన ఇళ్లలో ఎంత హడావుడో చెప్పనక్కర్లేదు. బతుకమ్మ పేర్చే నాటికి గోడలకు సున్నమో డిస్టెంపరో పడాలి. కిటికీ తెరలు ఉతకాలి. ‘హాల్లో లేత పసుపు బాగుంటుందా, గులాబీ బాగుంటుందా’ అని ఇంట్లో వారం రోజుల పాటు చర్చ. సోఫా ఇటు తిప్పి, టీవీ అటు జరిపి, మళ్లీ మొదటికే తెచ్చి... ఇలాంటివి చూసి మగవాళ్లు నవ్వుకుంటారు గానీ ఇందులో నవ్వడానికేమీ లేదు. ఏ వస్తువు ఎక్కడుంటే మనసు కుదుటపడుతుందో ఆడవాళ్లకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. డిగ్రీ లేకపోయినా ఇంటీరియర్ డిజైన్ అంటే సగం ఇదే.

మరి ఈ తెలివి అంతా మన నాలుగు గోడలకేనా? ఇల్లే లేని పిల్లలు తలదాచుకునే గదుల గురించి ఎప్పుడైనా ఆలోచించామా?

కాజీపేటలో దిగే పిల్లలు

మన కాజీపేట జంక్షన్ సంగతి అందరికీ తెలిసిందే. సికింద్రాబాద్ నుంచి వచ్చే లైను ఇక్కడే రెండుగా చీలుతుంది. ఒకటి బల్లార్షా మీదుగా ఢిల్లీకి, ఇంకొకటి వరంగల్, విజయవాడల వైపు. రెండు దార్లు కలిసే చోట దారి తప్పిన పిల్లలూ దిగుతారు. నాన్న తాగి కొట్టాడని ఒకడు, చదువు రాక ఒకడు, పనిలో పెట్టిన చోట హింస భరించలేక ఒకతి. రైల్వే పోలీసుల కంట పడితేనో, ఎవరైనా 1098కి ఫోన్ చేస్తేనో ఆ పిల్లల్ని బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్తారు. తెలంగాణ పోలీసులు 2015 నుంచి ఏటా జనవరిలో ‘ఆపరేషన్ స్మైల్’, జూలైలో ‘ఆపరేషన్ ముస్కాన్’ పేరుతో ఇలాంటి పిల్లల్ని వెతుకుతున్నారు. ఇంటికి పంపే వీలుంటే పంపుతారు. లేనివాళ్లు ఆశ్రయ గృహాల్లో ఉంటారు.

ఇది ఈనాటి సమస్య కాదు. ఇదే లైన్లో ముందున్న విజయవాడ స్టేషన్లో తిరిగే పిల్లల కోసం అక్కడి సలేషియన్ ఫాదర్లు 1989లోనే నవజీవన్ బాలభవన్ మొదలుపెట్టారు. జంక్షన్ ఉన్న ప్రతి ఊరికీ ఈ బాధ్యత ఉంటుందన్నమాట.

ఆ మధ్య మా కాలనీ ఆడవాళ్లం నలుగురం కలిసి మన ఊళ్లోనే ఉన్న ఒక ఆశ్రయానికి వెళ్లాం. పేరు ఎందుకులెండి, ఏ ఊరిదైనా ఇంచుమించు అలాగే ఉంటుంది. వంటిల్లు శుభ్రంగా ఉంది. పప్పు కమ్మటి వాసన వస్తోంది. చూసుకునే ఆవిడ మంచి మనిషి. లోపలికి వెళ్తే ఒకే పొడవాటి గది. పొగచూరిన ఆకుపచ్చ గోడలు. ఓ మూల చుట్టి పెట్టిన చాపలు. గోడ పొడుగునా మేకులు, వాటికి చొక్కాలు. నడి మధ్యలో ఒక ట్యూబ్‌లైటు. పదిహేనేళ్ల అబ్బాయి ఒకడు పట్టపగలు పడుకుని ఉన్నాడు. తల కింద దిండు లేదు, చెప్పులున్నాయి!

‘‘అదేంటి బాబూ, చెప్పులు తల కింద పెట్టుకున్నావ్?’’ అన్నాను.

‘‘ఏడ పెట్టాలె ఆంటీ? ఏడ పెడితే ఆడ మాయమైతయ్. స్టేషన్ల పన్నప్పుడు గూడ గిట్లనే పెట్టుకుంటుంటి’’ అన్నాడు వాడు, అందులో వింతేముందన్నట్టు.

నాకు నోట మాట రాలేదు. ప్లాట్‌ఫారం నుంచి ఈ గదికి వచ్చాక వాడికి అన్నం దొరికింది, కప్పు దొరికింది. కానీ చెప్పులు పెట్టుకునే చోటు మాత్రం అక్కడా లేదు, ఇక్కడా లేదు.

చూసుకునే ఆవిడ మమ్మల్ని సాగనంపుతూ అంది. ‘‘తిండికి లోటు చెయ్యమమ్మా. అయినా కొందరు వారం తిరగకముందే గోడ దూకి పోతరు. ఎందుకు పోయిండో అడుగుదామంటే వాడు ఉంటే కదా!’’

వెళ్లిపోయే పిల్లలకు సవాలక్ష కారణాలుంటాయి. అన్నిటికీ గది జవాబు చెప్పలేదు, నిజమే. కానీ ‘ఇక్కడ నాదంటూ ఏదీ లేదు’ అనే కారణానికి మాత్రం గదే జవాబు చెప్పాలి.

చట్టం ఎప్పుడో చెప్పింది

ఇదేదో పెద్దింటి ముచ్చట అనుకునేరు! 2015లో వచ్చిన బాల న్యాయ చట్టం, దాని కింద 2016లో చేసిన నమూనా నియమాలు గదుల కొలతలతో సహా చెప్తున్నాయి. 50 మంది పిల్లలుండే చోట రెండు పడక గదులు ఉండాలి. 25 మందికి ఒకటి, ఒక్కొక్కటీ 1000 చదరపు అడుగులు. అంటే ఒక్కో బిడ్డకు 40 చదరపు అడుగులు. పది మందికి కనీసం ఒక స్నానాల గది, ఏడుగురికి ఒక మరుగుదొడ్డి. చదువుకునే గదులు, లైబ్రరీ, ఆడుకునే గది, కష్టం చెప్పుకోవడానికి 120 చదరపు అడుగుల కౌన్సెలింగ్ గది... అన్నీ రాసి ఉన్నాయి. అసలు ఆ ఇల్లు చూస్తే జైలులాగా, లాకప్పులాగా అనిపించకూడదని కూడా ఆ నియమాల్లోనే ఉంది.

40 చదరపు అడుగులంటే ఎంత? ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. మన ఇళ్లలో దేవుడి గదంత! అందులో ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు మంచం వేస్తే 15 అడుగులు పోతుంది. మిగిలిన 25లోనే నడిచే దారి, పెట్టె, బట్టలు అన్నీ. చిన్న వంటింట్లో నలభై డబ్బాలు సర్దిన చేతులు మనవి. ఇంత జాగాలో ఒక బిడ్డ లోకాన్ని సర్దలేమా?

మొట్టమొదట తాళం పెట్టె

నన్నడిగితే ఆశ్రయానికి ఇవ్వాల్సిన మొదటి సామాను సోఫా కాదు, టీవీ అంతకన్నా కాదు. తాళం వేసుకునే పెట్టె. అడుగున్నర పొడవు, అంతే వెడల్పు, ఒక అడుగు ఎత్తు ఉన్నా చాలు. మంచం కిందికి జరిగేది కావచ్చు, గోడకు బిగించిన అర కావచ్చు. తాళం చెవి పిల్లల దగ్గరే ఉండాలి. రెండోది ఆఫీసులో ఉన్నా, ఆ పిల్లవాడి ఎదురుగా తప్ప తెరవకూడదని కట్టుబాటు ఉండాలి.

పెట్టె మీద నంబరు వెయ్యకండి. నంబర్లు జైల్లో వేస్తారు. చదువు రాని పసివాళ్లుంటారు కాబట్టి బొమ్మ వేసుకోమనండి. రైలింజను, గాలిపటం, చింతకాయ, ఎవరిష్టం వారిది. మేం తిరిగి వెళ్లినప్పుడు ఊళ్లోని ఒక వడ్రంగిని పట్టుకుని పాత కిటికీ చెక్కలతో ఇలాంటి పెట్టెలు చేయించి ఇచ్చాం. మర్నాటికల్లా వాటి మీద బొమ్మలు వెలిశాయి. పెట్టెల్లో ఏం దాచుకున్నారో తెలుసా? ఒకడు పాత రైలు టికెట్టు, ఒకడు చెల్లెలి రిబ్బను, ఇంకొకడు ఏ ఊరిదో తెలియని ఇంటి తాళం చెవి. ఏది విలువైనదో నిర్ణయించేది మనం కాదు కదా!

వీపు గోడకు... ముఖం తలుపుకు

బయట పడుకున్న పిల్లలకు నిద్ర కూడా భయమే. ఎవరు వచ్చి తంతారో, ఎవరు చెయ్యేస్తారో అన్న ఉలికిపాటు. అందుకే మంచాలు వేసేటప్పుడు తల గోడ వైపు, చూపు తలుపు వైపు ఉండేలా వేస్తే వాళ్లకు ధైర్యం. గది నడిబొడ్డున ఎవరి మంచమూ ఉండకూడదు. నలుగురైదుగురికి ఒక చాటు చొప్పున నాలుగడుగుల ఎత్తు అరమరలతో గదిని విడగొట్టండి. మంచం మీద కూర్చున్న బిడ్డకు చాటు దొరుకుతుంది, నిలబడి చూసే వార్డెనమ్మకు గదంతా కనిపిస్తుంది. పూర్తి గోడ కడితే లోపల పెద్ద పిల్లలు చిన్నవాళ్లను ఏడిపించినా తెలియదు. అసలు మరుగే లేకపోతే ఏడుపొచ్చినా అందరి ముందే ఏడవాలి. రెండింటికీ మధ్య ఉన్నవే ఆ నాలుగడుగులు.

రాత్రంతా ట్యూబ్‌లైటు వెలిగితే నిద్ర పట్టదు, ఆర్పితే భయం. పడక గదికి ఒక జీరో బల్బు, బాత్‌రూం దారి పొడుగునా మరొకటి చాలు. స్నానాల గదికి లోపలి గడియ పనిచేస్తోందా లేదా అని చూడండి. ఎన్నో చోట్ల అదే ఉండదు! పైనా కిందా రెండంతస్తుల మంచాలు వేస్తే పైనున్న వాడికి సీలింగ్ ఫ్యాను ప్రమాదం. గోడ ఫ్యాన్లు పెట్టించడం మంచిది.

కౌన్సెలింగ్ గది ఆఫీసు బీరువాల మధ్య ఉంటే ఏ బిడ్డా నోరు విప్పడు. బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుంటే పోలీస్ స్టేషన్ గుర్తొస్తుంది. రెండు కుర్చీలు పక్కపక్కన వేసి, కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడుకునేలా ఉంచితే సగం భారం దిగినట్టే.

ఆడపిల్లల గదిలో...

ఇది మగవాళ్లు రాసే ప్లానుల్లో కనిపించదు కనుక మనమే చెప్పాలి. లోదుస్తులు, నెలసరి బట్టలు ఎండలో ఆరాలి. ఆరేసే చోటు నలుగురూ తిరిగే వాకిట్లో ఉంటే ఏ అమ్మాయి ఆరేస్తుంది? మంచం కింద తడిగా దాచుకుంటుంది, జబ్బు తెచ్చుకుంటుంది. డాబా మీదో పెరట్లోనో ఎండ పడే చోట ఛాతీ ఎత్తు గోడ కట్టి, లోపల తీగ కడితే చాలు. మరుగుదొడ్డిలో మూత ఉన్న డబ్బా, బట్టలు తగిలించుకోవడానికి తలుపు వెనక కొక్కెం, సబ్బు పెట్టుకునే గూడు. ముఖం, జడ కనిపించే ఎత్తులో ఒక అద్దం. ఎదిగే పిల్లకు అద్దం సోకు కాదు, తనను తాను మనిషిగా చూసుకునే చోటు.

కొత్తవాడ మన ఊళ్లోనే ఉండగా...

నియమాల ప్రకారం ఒక్కో బిడ్డకు విడిగా ఇవ్వాల్సిన పక్క సామాన్లలో పరుపు, దుప్పట్లు, దిండు, దోమతెరతో పాటు నూలు జంపఖానా కూడా ఉంది. జంపఖానా అనగానే వరంగల్ వాళ్లం ఒళ్లు పొంగాల్సిందే. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో మన ఓరుగల్లు తివాచీలు నిలిచాయి. కొత్తవాడ మగ్గాల మీద నేసే వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1934లో వెలిసిన ఆజంజాహీ మిల్లు మూతపడిపోయినా ఆ మగ్గాల చప్పుడు పూర్తిగా ఆగలేదు.

అందరికీ ఒకే రంగు గళ్ల దుప్పటి కొని పంచే బదులు, కొత్తవాడలో తలా ఒక రంగు జంపఖానా నేయించి ఇస్తే? పక్క చూడగానే ఇది నాది అని తెలుస్తుంది. నేతగాడి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. మందపాటి నూలు కాబట్టి ఎండాకాలం నేల మీద పరుచుకోవచ్చు, ఉతుక్కోవచ్చు, ఏళ్ల తరబడి మన్నుతుంది. ఒకప్పుడు మన ఉమ్మడి జిల్లాలోదే అయిన చేర్యాల బొమ్మల పద్ధతిలో భోజనాల గది గోడ మీద ఒక కథ గీయించుకోవచ్చు. ఆ ఎర్రటి రంగులు పడక గదిలో మాత్రం వద్దు, కంటికి విశ్రాంతి ఉండదు. అక్కడ లేత రంగులే మంచివి. నేల నుంచి నాలుగడుగుల వరకు ఆయిల్ పెయింట్ వేస్తే మురికి చేతుల మరకలు తుడిస్తే పోతాయి, ‘గోడ పాడు చేశావ్’ అని తిట్లు తప్పుతాయి!

మన ఎండల సంగతి తెలుసు కదా. రేకుల కప్పు కింద మే నెలలో మనిషి నిలవలేడు. డాబా మీద, రేకుల మీద తెల్లటి చల్లదనపు పూత వేయిస్తే లోపలి వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ‘కూల్ రూఫ్’ విధానమే తెచ్చింది. కిటికీలకు వట్టివేళ్ల తడికెలు కడితే మన అమ్మమ్మల పద్ధతీ కలిసొస్తుంది.

కిటికీ కూడా మందే

కిటికీ బయట చెట్టు కనిపిస్తే ఏమవుతుంది? రోజర్ ఉల్‌రిచ్ అనే అమెరికా పరిశోధకుడు 1984లో ఒక సంగతి ప్రచురించారు. పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల్లో కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్లకన్నా ముందుగా కోలుకుని ఇంటికి వెళ్లారట, నొప్పి మాత్రలు కూడా తక్కువే వాడారట. చెట్టు చూస్తే కోత మానడం తొందరైతే, దెబ్బతిన్న మనసు మాటేమిటి? కిటికీకి అడ్డంగా పెట్టిన బీరువాను పక్కకు జరపడానికి పైసా ఖర్చు లేదు. కిటికీ అవతల ఒక వేప మొక్కో, గన్నేరు మొక్కో నాటడానికి ఎంత?

అలాగే మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని పేదవాడలో పిల్లల ఇల్లు తెరిచినప్పుడు కుర్చీలు, బల్లలు, అరలు పిల్లల ఎత్తుకు చేయించింది. తమ వస్తువు తాము తీసుకుని తామే సర్దుకునే పిల్లలకు తమ మీద గౌరవం కలుగుతుందని ఆమె నమ్మకం. మన ఆశ్రయాల్లో మంచినీళ్ల కుళాయి కూడా పెద్దవాళ్ల ఎత్తుకే ఉంటుంది, ఒకసారి గమనించండి.

అందం ప్రాణం మీదికి రాకూడదు

ఉత్సాహం కొద్దీ థర్మోకోల్ సీలింగులు, ప్లాస్టిక్ పూల తోరణాలు, గడ్డి పందిళ్లు పెట్టించకండి. 2004లో కుంభకోణం బడిలో గడ్డి కప్పుకు నిప్పంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. పడక గదికి బయటికి పోయే రెండో దారి ఉందా, దానికి రాత్రిపూట తాళం వేసేస్తున్నారా, వైర్లు బయటికి వేలాడుతున్నాయా... రంగు డబ్బా తెరిచే ముందు చూడాల్సినవి ఇవి.

అసలు చోటే లేదంటారా? కలకత్తాలో సిస్టర్ సిరిల్ తను ప్రిన్సిపాల్‌గా ఉన్న లొరెటో సియాల్దా స్కూలు తలుపులు వీధి పిల్లల కోసం తెరిచారు. హైదరాబాద్‌లో అమన్ వేదిక ప్రభుత్వ బడుల్లో వాడకుండా ఉన్న గదుల్లోనే ఆడపిల్లలకు ‘రెయిన్‌బో’ ఇళ్లు ఏర్పాటు చేసింది. కొత్తగా కట్టక్కర్లేదు, ఉన్నదాన్ని సర్దుకుంటే ఇల్లవుతుందని వాళ్లు చూపించారు.

పద్దెనిమిది నిండాక...

పద్దెనిమిదో పుట్టినరోజు మన పిల్లలకు పండగ. ఆశ్రయంలో పిల్లలకు అదే గుబులు. ఆ రోజు దాటితే ఆ ఇంట్లో చోటుండదు. చట్టం 21 ఏళ్ల వరకు తోడ్పాటు ఇవ్వవచ్చంటుంది. కానీ బయట ఒంటరిగా గది తీసుకుని బతకడం ఎక్కడ నేర్చుకుంటారు? అందుకే పదహారు దాటిన పిల్లలకు ఆశ్రయంలోనే ఒక చిన్న గది వేరేగా సర్దాలి. ఒక గ్యాసు పొయ్యి, నాలుగు గిన్నెలు, ఇస్త్రీ పెట్టె, లెక్కల పుస్తకం, చదువుకునే బల్ల మీద ఒక దీపం. ఇద్దరు ముగ్గురు నెల రోజుల పాటు తమ వంట తాము చేసుకుని, తమ ఖర్చు తాము రాసుకుంటే బయటి గది అంత భయపెట్టదు.

ఇక మన వంతు

పుట్టినరోజులకు, పెళ్లి రోజులకు ఆశ్రయంలో ఒక పూట భోజనం పెట్టించడం మన ఊళ్లో చాలామందికి అలవాటే. మంచిదే. ఈసారి ఆ డబ్బుతో నాలుగు తాళం పెట్టెలు ఇవ్వండి. పూట గడిచినా అవి ఉంటాయి. అయితే నేరుగా తలుపు తట్టకుండా జిల్లా బాలల సంరక్షణ విభాగం అధికారిని కలిసి వెళ్లండి. ‘ఏం కావాలి?’ అని ముందు పిల్లల్నే అడగండి. మనం ఊహించని జవాబులొస్తాయి. మా దగ్గర ఒక అమ్మాయి గోడ గడియారం అడిగింది. పొద్దున్నే ఎవరూ తిట్టకుండా తనే లేవాలట!

ఇంకొక్క మాట. పిల్లలతో ఫొటోలు దిగి అందరికీ పంపకండి. వాళ్లెవరో లోకానికి తెలిసేలా పేరూ ఫొటో పత్రికల్లో, టీవీల్లో బయటపెట్టడాన్ని చట్టంలోని 74వ సెక్షన్ నిషేధించింది. అలాగే పెట్టె మూత మీదా, ఫ్యాను రెక్కల మీదా ‘ఫలానావారి జ్ఞాపకార్థం’ అని రాయించకండి. పొద్దున లేవగానే ఆ బిడ్డ కళ్లకు కనిపించాల్సింది దాత పేరు కాదు. తన చేత్తో తను వేసుకున్న బొమ్మ.

దసరాకు గోడలకు రంగులేయించగా మిగిలిన డబ్బాలు మన అటకల మీద ఎన్ని లేవు? అక్కడి నుంచే మొదలుపెడదాం. ఏమంటారు?